చలికాలంలో హైబ్రిడ్ కారు మైలేజీ పడిపోకుండా ఎలా నడపాలి?

ధనుర్మాసం వచ్చిందంటే విజయనగరంలో తెల్లవారేసరికి కారు అద్దాల మీద మంచు నీళ్లు ధారలు కట్టి ఉంటాయి. మా అమ్మాయిని ట్యూషన్‌కు దింపడానికి ఆరు గంటలకు కారు తీస్తాను. దూరం మూడు కిలోమీటర్లు. సెప్టెంబరులో ఇదే దారిలో సగానికి పైగా ఇంజిన్ ఆగిపోయి, చప్పుడు లేకుండా బ్యాటరీ మీదే వెళ్లిన కారు, డిసెంబరులో గంటస్తంభం దాటే వరకూ ఇంజిన్ ఆపదు. దింపి చూసుకుంటే మీటరులో లీటరుకు 14 కిలోమీటర్లు. అదే కారులో అదే రోజు మధ్యాహ్నం శ్రీకాకుళం వెళితే 24 చూపించింది.

కొన్న మొదటి చలికాలంలో ఈ తేడా చూసి బండిలో ఏదో లోపం ఉందనుకుని సర్వీసుకు తీసుకెళ్లాను. లోపం ఏమీ లేదు. చలికాలంలో హైబ్రిడ్ కారు పెట్రోలు ఎక్కువ తాగేది దారి పొడవునా కాదు, మొదటి పది నిమిషాల్లోనే. ఈ సంగతి తెలిసిన తర్వాత నేను కారు వాడే పద్ధతే మారిపోయింది.

పాత రోజుల్లో చలికాలం స్నానాలు గుర్తు చేసుకోండి. పెరట్లో కాగు పెట్టి నీళ్లు ఒకసారి మరగబెడితే ఇంటిల్లిపాదీ వరుసగా స్నానాలు ముగించేవారు. ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఒకరు పదింటికి వస్తామంటే ప్రతిసారీ పొయ్యి రాజేయాలి, కట్టెలు మూడింతలు ఖర్చవుతాయి. కారు ఇంజిన్ కూడా ఆ కాగు లాంటిదే. దాన్ని రోజుకు ఎన్నిసార్లు చల్లారనిచ్చి మళ్లీ వేడి చేస్తున్నాం అన్నదే చలికాలంలో అసలు లెక్క.

మొదట మీది ఏ రకం హైబ్రిడ్డో చూసుకోండి

మన దగ్గర హైబ్రిడ్ అనే పేరుతో రెండు రకాల కార్లు తిరుగుతున్నాయి. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లలో స్ట్రాంగ్ హైబ్రిడ్ రకం, హోండా సిటీ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ వంటివి ఇంజిన్ ఆపేసి బ్యాటరీతోనే కొంత దూరం వెళ్లగలవు. స్మార్ట్ హైబ్రిడ్, మైల్డ్ హైబ్రిడ్ అనే రెండో రకంలో బ్యాటరీ ఇంజిన్‌కు చేయి అందిస్తుందే తప్ప తనంతట తాను బండిని లాగదు. ఈ వ్యాసం మొదటి రకం గురించి. రెండో రకం వారికి టైర్లు, ప్రయాణాల ప్రణాళిక, వేగం గురించి చెప్పినవి పనికొస్తాయి.

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు కంపెనీలు చెప్పిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. అది పరీక్షశాలలో వచ్చిన అంకె. మూడు కిలోమీటర్ల చలి ఉదయపు ప్రయాణానికి దానితో పోలిక పెట్టుకోకండి.

రెండో పని: సరిగ్గా కొలవండి

డ్యాష్‌బోర్డు చూపించే అంకెను పూర్తిగా నమ్మవద్దు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను తనంతట తాను ఆగిన దగ్గరే ఆపించి ట్యాంకు నింపించండి. ఇంకో లీటరు కుక్కమని అడగవద్దు. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి. కనీసం మూడు ట్యాంకుల సగటు వస్తే తప్ప ఒక నిర్ణయానికి రావద్దు.

పాత డైరీలో మైలేజీ ఎక్కువగా కనిపించి, ఇప్పుడు తగ్గిందనిపిస్తే, తప్పంతా చలి మీద వేయకండి. మనం ఇప్పుడు పోయించుకునే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. అందుకే పోల్చేటప్పుడు ఈ అక్టోబరును ఈ డిసెంబరుతో పోల్చండి. మూడేళ్ల కిందటి లెక్కతో కాదు.

చలిలో ఇంజిన్ ఎందుకు ఆగదు?

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా చిట్కాలు మీకు మీరే కనిపెట్టగలరు. హైబ్రిడ్ కారు ఆదా చేసేదాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్ ఆగి ఉన్న నిమిషాల్లోనే. రెడ్ సిగ్నల్ దగ్గర, నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లో, పల్లం దిగేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. కానీ ఇంజిన్ చల్లగా ఉంటే కంప్యూటర్ దాన్ని ఆగనివ్వదు. టయోటా తరహా వ్యవస్థల్లో కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం, సుమారు 40 డిగ్రీలు దాటాకే మొదటిసారి ఆగే అవకాశం వస్తుంది. స్వేచ్ఛగా ఆగడం, మళ్లీ మొదలవడం జరగాలంటే 70 డిగ్రీల దరిదాపులకు చేరాలి. దీనికి తోడు పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ కూడా వేడెక్కాలి. అది 250 నుంచి 300 డిగ్రీలకు చేరితేనే విషవాయువులను శుద్ధి చేయగలదు. అందుకే స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో ఇంజిన్ బండిని లాగడం కంటే దాన్ని వేడి చేయడానికే ఎక్కువగా పని చేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. హైబ్రిడ్ ఇంజిన్లు పెట్రోలులోని శక్తిని వృథా చేయడం తక్కువ. 2015లో వచ్చిన నాలుగో తరం ప్రియస్ అనే హైబ్రిడ్ కారు ఇంజిన్ గరిష్ఠంగా 40 శాతం శక్తిని చలనంగా మార్చగలదని టయోటా ప్రకటించింది. వృథా తక్కువంటే వేడీ తక్కువే. కాబట్టి మామూలు ఇంజిన్ కంటే ఇది నెమ్మదిగా వేడెక్కి, ఆగినప్పుడల్లా కాస్త చల్లారుతుంది.

అసలైన చలి దేశాల్లో ఈ ప్రభావం ఎంతో అమెరికా ఇంధన శాఖ చెప్పింది. 25 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల దగ్గర నగర ప్రయాణంలో మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం పడిపోతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో ఆ తగ్గుదల 24 శాతం దాకా వెళ్లవచ్చు. హైబ్రిడ్‌లో అయితే 30 నుంచి 34 శాతం. మన తీరంలో చలి ఆ స్థాయికి ఎన్నడూ చేరదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో జనవరి తెల్లవారుజామున 15, 17 డిగ్రీలుంటే గట్టి చలి అంటాం. అయినా చిన్న చిన్న ప్రయాణాలే ఎక్కువ చేసే ఇంట్లో తేడా కళ్లకు కనిపిస్తుంది.

మూడో పని: నిలబెట్టి వేడి చేయకండి, నెమ్మదిగా కదలండి

స్కూటర్‌కు చోక్ లాగి ఐదు నిమిషాలు నిలబెట్టిన అలవాటు మన పెద్దవాళ్లలో ఇంకా ఉంది. హైబ్రిడ్‌కు అది పూర్తిగా నష్టం. నిలబడి ఉన్న ఇంజిన్ మెల్లగా వేడెక్కుతుంది, కిలోమీటరు కూడా రాదు. సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు తుడుచుకుని, అవన్నీ అయ్యాకే స్టార్ట్ చేయండి. స్టార్ట్ చేసిన పది, పదిహేను సెకన్లలో కదలండి. మొదటి రెండు కిలోమీటర్లు యాక్సిలరేటర్ మీద కాలు బరువుగా వేయవద్దు. వీధిలోంచి గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో సాగనివ్వండి.

ఈ సమయంలో కారును బ్యాటరీ మీదే నడిపించే, ఈవీ అని రాసి ఉన్న బటన్ నొక్కాలని చాలామందికి అనిపిస్తుంది. నొక్కకండి. ఇంజిన్ చల్లగా ఉంటే చాలా కార్లు ఆ మోడ్‌ను ఒప్పుకోవు. ఒప్పుకున్నా, ఖాళీ అయిన బ్యాటరీని మళ్లీ నింపేది ఇంజినే, అది కూడా చల్లగా ఉన్న ఇంజిన్. ఆ బటన్‌ను ఇంటి ముందు కారు జరపడానికీ, రాత్రి పూట చప్పుడు లేకుండా గేటు లోపలికి తేవడానికీ ఉంచుకోండి.

కారును ఎక్కడ నిలుపుతారన్నది కూడా ముఖ్యమే. షెడ్డు ఉంటే షెడ్డులో పెట్టండి. లేకపోతే బానెట్ తూర్పు ముఖంగా ఉండేలా నిలిపితే ఎండ పొడ మొదట ఇంజిన్ మీదే పడుతుంది. ఏడున్నరకు బయలుదేరే వారికి కాస్త ఉపయోగం, ఆరింటికి వెళ్లేవారికి కాదు.

నాలుగో పని: పనులన్నీ ఒకే గొలుసుగా కట్టండి

నాకు మైలేజీ నిజంగా పెరిగింది ఇక్కడే. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మా ఇంట్లో ఒక డిసెంబరు రోజు ఇలా గడిచేది. ఉదయం ఆరింటికి ట్యూషన్, ఇంటికి. ఎనిమిదింటికి పాపను తేవడం. పదింటికి రైతుబజారు. మధ్యాహ్నం బ్యాంకు. సాయంత్రం మందుల షాపు. ఐదు ప్రయాణాలు, అన్నీ కలిపి 20 కిలోమీటర్లు కూడా ఉండవు. ప్రతిసారీ మధ్యలో రెండు గంటలు కారు నిలబడి ఉంటుంది, కూలెంట్ చల్లారిపోతుంది. అంటే ఐదుసార్లు కాగు కింద మంట పెట్టినట్టు.

ఇప్పుడు ఉదయం ట్యూషన్‌కు మా అమ్మాయి పక్కింటి వారి పాపతో కలిసి వెళుతోంది. ఒక వారం వాళ్లు, ఒక వారం మేము. కూరగాయలు, బ్యాంకు, మందులు పదిన్నరకు ఒకే చుట్టులో ముగుస్తాయి. అప్పటికి ఎండ ఎక్కి గాలి 25 డిగ్రీలు దాటి ఉంటుంది.

ఆ చుట్టులో కూడా ఒక క్రమం ఉంది. అన్నిటికంటే దూరంగా ఉన్న పనికి మొదట వెళ్లండి. ఇంటి దగ్గరి దుకాణంతో మొదలుపెడితే ఇంజిన్ సగం వేడెక్కేలోపే ఆపేస్తాం, అక్కడ పది నిమిషాలు నిలబెడితే మళ్లీ చల్లారుతుంది. ముందు ఏడెనిమిది కిలోమీటర్ల దూరం వెళితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది. ఆ తర్వాత పావుగంట చొప్పున మూడు చోట్ల ఆగినా వేడి నిలిచే ఉంటుంది, కదిలిన వెంటనే బ్యాటరీ మీద నడుస్తుంది. అదే పనులు, అదే దూరం, క్రమం మార్చినందుకే తేడా కనిపిస్తుంది.

కిలోమీటరు లోపు పనులకు కారు తీయకపోవడం అన్నిటికంటే మంచి మైలేజీ. చలి ఉదయం నడక హాయిగా ఉంటుంది కూడా.

ఐదో పని: టైర్లలో గాలి తెల్లవారుజామునే చూడండి

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబరు మధ్యాహ్నం 32 డిగ్రీల వేడిలో 33 కొట్టించుకున్న టైరు, జనవరి ఉదయం 16 డిగ్రీల్లో 30 చూపిస్తుంది. ఎక్కడా పంక్చరు లేదు, గాలి కారలేదు. అయినా టైరు కాస్త అణిగి, రోడ్డును ఎక్కువగా పట్టుకుని, బండిని వెనక్కి లాగుతుంది.

డ్రైవరు డోరు తెరిస్తే పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది. అందులో రాసిన అంకె చల్లగా ఉన్న టైరుకు చెప్పింది. నాలుగైదు కిలోమీటర్లు నడిపి బంకుకు వెళ్లేసరికి టైర్లు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తాయి, బంకు కుర్రవాడు సరిపోయిందంటాడు. ఇంట్లో ఒక చిన్న గాలి పంపు, కారులోని సాకెట్‌కు తగిలించేది, ఉంచుకోండి. పదిహేను రోజులకోసారి బండి కదలకముందే చూసి సరిచేయండి. మైలేజీ వస్తుందని స్టిక్కరు అంకెకు మించి నింపవద్దు. తడి రోడ్డు మీద బ్రేకు పట్టదు.

ఆరో పని: అద్దాల మీద ఆవిరి, హీటరు

తీరం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కనుక అద్దాలు మసకబారడం మనకు రోజూ ఉండే బాధ. చాలామంది కంగారుపడి హీటరు, ఏసీ, ఫ్యాను అన్నీ ఒకేసారి పెంచేస్తారు. ముందు వేలితో అద్దం లోపలివైపు ఒక గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపల ఉంది. పడకపోతే బయట ఉంది.

బయట ఉన్నది మంచు నీరు. వైపరు రెండుసార్లు తిప్పితే పోతుంది. అప్పుడు ఏసీ చల్లగాలి అద్దం మీదకు పెడితే అద్దం ఇంకా చల్లబడి బయట మరింత మంచు పడుతుంది. లోపల ఉన్నది మన ఊపిరిలోని తేమ. దానికి ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చే స్విచ్ పెట్టండి. లోపలి గాలే తిరిగే స్విచ్‌లో ఉంచితే మసక త్వరగా పోదు. రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడగానే ఫ్యాను తగ్గించండి. వారానికోసారి అద్దం లోపలి జిడ్డును తడిపిన పాత వార్తాపత్రికతో తుడిస్తే ఆవిరి పట్టడమే తగ్గుతుంది. తడి గొడుగులు, తడిసిన మ్యాట్లు కారులో వదిలేయకండి.

ఇక హీటరు. పెట్రోలు హైబ్రిడ్‌లలో సాధారణంగా హీటరు వేడి వచ్చేది ఇంజిన్ కూలెంట్ నుంచే. ఇంజిన్ ఆగి, కూలెంట్ చల్లారుతుంటే, హీటరు కోసమే కంప్యూటర్ మళ్లీ ఇంజిన్‌ను లేపుతుంది. సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్న కారులో అకస్మాత్తుగా ఇంజిన్ గుర్రుమంటే కారణం చాలాసార్లు ఇదే. మైదానంలో మనకు హీటరు అవసరం దాదాపు లేదు. అద్దాలు మూసి నలుగురు కూర్చుంటే పది నిమిషాల్లో కారు వెచ్చబడుతుంది. పెద్దవాళ్లకు శాలువా, చెవులకు మఫ్లరు ఉంటే చాలు. ఆరోగ్యం బాగాలేని వారు, పసిపిల్లలు ఉన్నప్పుడు మాత్రం మైలేజీ లెక్క పక్కన పెట్టి హీటరు వేయండి.

బ్యాటరీకి గాలి ఆడనివ్వండి

చాలా హైబ్రిడ్ కార్లలో వెనక సీటు పక్కనో, కిందో ఒక చిన్న జాలీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి అక్కడి నుంచే వెళుతుంది. మీ కారులో అది ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకోండి. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మా కారు వెనక సీటంతా దుప్పట్లు, బట్టల సంచులు, అరిసెల డబ్బాతో నిండిపోయింది. ఒక బొంత సరిగ్గా ఆ జాలీ మీద పడి ఉంది. నరసన్నపేట చేరేదాకా లోపలి నుంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఇంజిన్ మామూలు కంటే ఎక్కువగా నడిచింది. బొంత తీశాక నెమ్మదించింది. చలికాలమైనా బ్యాటరీ ఛార్జి అవుతూ, ఖర్చవుతూ వేడెక్కుతుంది. నూర్పిళ్ల రోజుల్లో ఊళ్లోకి వెళ్లి వస్తే ఆ జాలీలో ఊక దుమ్ము పేరుకుంటుంది. బ్రష్‌తో, ఇంట్లోని వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీసేయండి. ఇంజిన్ గాలి ఫిల్టరు కూడా పండగ తర్వాత ఒకసారి చూపించండి.

ఇంజిన్ నూనె గురించి ఒక్క మాట. హైబ్రిడ్‌లకు పలుచని నూనె చెబుతారు, ఎందుకంటే అది చల్లగా ఉన్నా త్వరగా పారుతుంది. చిక్కని నూనె మంచిదని ఎవరు చెప్పినా పోయించుకోకండి. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి.

జాతీయ రహదారి మీద

విజయనగరం నుంచి నాతవలస దాకా వెళ్లి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం దాకా దారి తిన్నగా ఉంటుంది. ఇక్కడ ఇంజిన్ ఎలాగూ వేడెక్కే ఉంటుంది. మైలేజీని నిర్ణయించేది గాలి. గాలి అడ్డం వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించినట్టు, పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100కు పెంచితే గాలి నెట్టే బలం సుమారు 56 శాతం ఎక్కువవుతుంది. పైగా చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. 34 డిగ్రీల గాలి కంటే 16 డిగ్రీల గాలి ఆరు శాతం బరువెక్కువ. ఉదయం పూట 80 దగ్గర స్థిరంగా సాగండి. పొగమంచులో అంతకంటే చాలా తక్కువే సురక్షితం.

నాతవలస, మడపాం టోల్‌గేట్లు కనిపించగానే, అర కిలోమీటరు ముందే యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేయండి. బండి తన ఊపు మీదే వెళుతూ బ్యాటరీని నింపుకుంటుంది. చివరి క్షణంలో గట్టిగా బ్రేకు తొక్కితే బ్యాటరీ అంత శక్తిని ఒక్కసారిగా తీసుకోలేదు, మిగిలిందంతా బ్రేకు ప్యాడ్లలో వేడిగా పోతుంది. ఊళ్ల దగ్గరి స్పీడ్ బ్రేకర్లకూ ఇదే పద్ధతి. రథసప్తమికి అరసవల్లి వైపు బారులు తీరిన వాహనాల మధ్య అంగుళం అంగుళం జరిగేటప్పుడు మాత్రం మీరు ఏమీ చేయక్కరలేదు. ఇంజిన్ వేడెక్కి ఉంటే చాలావరకు బ్యాటరీ మీదే సాగుతుంది. హైబ్రిడ్ కొన్న డబ్బు అలాంటి చోట్లే తిరిగి వస్తుంది.

ఒక హెచ్చరిక. మైలేజీ కోసం లారీ వెనక దగ్గరగా వెళ్లే చిట్కా కొందరు చెబుతారు. ఎన్నడూ చేయకండి. జనవరి తెల్లవారుజామున మన రోడ్ల మీద గడ్డి ట్రాక్టర్లు వెనక దీపం లేకుండా వెళుతుంటాయి. లోపలి రోడ్లలో సగం దారి ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ అంచుకు పెట్టిన రాళ్లు ఉంటాయి. పొగమంచులో ఆ రాళ్లు పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

ఘాట్ రోడ్డు మీద: ఎక్కేటప్పుడు హీటరు, దిగేటప్పుడు శాలువా

డిసెంబరు వచ్చిందంటే మన రెండు జిల్లాల కార్లు ఎస్.కోట మీదుగా అరకు వైపు సాగుతాయి. సాలూరు మీదుగా ఒడిశా కొండలెక్కే వారూ ఉన్నారు. మైదానంలో పనికిరాని హీటరు అక్కడ నిజంగా కావాలి. దానికి సరైన సమయం ఎక్కేటప్పుడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎలాగూ గట్టిగా పని చేస్తుంటుంది. వేడి కావలసినంత ఉంటుంది, హీటరుకు వాడుకుంటే అదనపు పెట్రోలు ఖర్చు దాదాపు ఉండదు. దిగేటప్పుడు ఇంజిన్ ఆగి ఉంటుంది. అప్పుడు హీటరు వేస్తే దానికోసమే ఇంజిన్ మొదలవుతుంది. కాబట్టి ఎక్కేటప్పుడు కారును బాగా వెచ్చబరిచి, దిగేటప్పుడు హీటరు కట్టేసి శాలువాలు కప్పుకోండి.

దిగేటప్పుడు బ్యాటరీ సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి కారు బరువు 1,500 కిలోలు, దిగే ఎత్తు 800 మీటర్లు అనుకుంటే, ఆ దిగడంలో విడుదలయ్యే శక్తి మూడు కరెంటు యూనిట్లకు పైనే. గ్రాండ్ విటారా వంటి కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యం ఒక యూనిట్ కూడా కాదు, 0.76 యూనిట్లు. రాపిడికీ గాలికీ పోయింది పోగా మిగిలినదాన్ని కూడా అది పూర్తిగా పట్టుకోలేదు. కొండ సగం దిగకముందే బ్యాటరీ నిండినట్టు చూపిస్తుంది.

అందుకని పైన మొదటి వంపుల్లో వాలు సులువుగా ఉంటే డి గేరులోనే ఉంచి, బ్రేకును మృదువుగా, ఎక్కువసేపు నొక్కుతూ దిగండి. శక్తి బ్యాటరీలోకి వెళుతుంది. నిండుతున్నట్టు కనిపించగానే, లేదా వాలు నిటారుగా ఉంటే మొదటి నుంచే, గేరు లివరు దగ్గర బి అని ఉండే గేరులోకి మార్చండి. ఇంజిన్ పెట్రోలు తాగకుండానే తిరుగుతూ బండిని పట్టి ఉంచుతుంది. చప్పుడు ఎక్కువగా వస్తే భయపడకండి, పెట్రోలు మండుతున్న చప్పుడు కాదది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదాన్ని ఆ చప్పుడే తప్పిస్తుంది. న్యూట్రల్‌లో దిగడం మాత్రం వద్దు. బ్యాటరీ నిండదు, ఇంజిన్ పట్టూ ఉండదు. కిందికి చేరి మైదానంలోకి వచ్చాక బి నుంచి డికి తిరిగి మార్చడం మరిచిపోకండి. బిలోనే ఉంచి నడిపితే కాలు తీసినప్పుడల్లా ఊపు చచ్చిపోయి మైలేజీ తగ్గుతుంది.

చలి దేశాల చిట్కాలను ఇక్కడ పాటించవచ్చా?

మా చిన్నాన్న కొడుకు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటున్నాడు. వాడిదీ హైబ్రిడ్ కారే. మొన్న ఫోనులో, "అన్నయ్యా, ఇక్కడ పార్కింగ్‌లో కార్ల ముందు ప్లగ్గులుంటాయి. రాత్రి కారును ఫోనులా ప్లగ్గుకు తగిలిస్తాం. అది బ్యాటరీకి కాదు, ఇంజిన్‌కు" అన్నాడు. బ్లాక్ హీటరు అనే ఆ పరికరం ఇంజిన్‌ను ముందే వెచ్చబెడుతుంది. రాత్రంతా ఉంచనక్కరలేదు, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు టైమరుతో వెలిగేలా పెడితే కరెంటూ కలిసివస్తుంది. అక్కడ ఉన్న మన పిల్లలకు ఇది బాగా పనికొచ్చే చిట్కా. సీటును వెచ్చబెట్టే స్విచ్ ఉంటే దాన్ని వాడి, కారు లోపలి హీటరును తక్కువలో పెట్టుకోమనండి. సీటు హీటరుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. కారు పైకప్పు మీద పేరుకున్న మంచును దులపకుండా బయలుదేరితే ఆ బరువును దారంతా మోసినట్టే.

ఈ వేడి సమస్యకు టయోటా ఒకప్పుడు అందమైన ఉపాయం వెతికింది. అమెరికాలో అమ్మిన రెండో తరం ప్రియస్‌లో సుమారు మూడు లీటర్ల ఫ్లాస్కు ఉండేది. కారు ఆపినప్పుడు వేడి కూలెంట్ దానిలోకి చేరి, మూడు రోజుల దాకా వెచ్చగా ఉండి, మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేది. ఇంట్లో పొద్దున్న కాచిన కాఫీని సాయంత్రానికి దాచుకున్నట్టే.

చలి దేశాల వారు చేసే ఇంకో పని, బానెట్ ముందున్న జాలీని ఫోము ముక్కలతో మూసేయడం. గాలి తగలకపోతే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ఇక్కడ అది అస్సలు చేయకండి. మనకు ఉదయం 16 డిగ్రీలున్నా మధ్యాహ్నానికి 28కి వెళుతుంది. జాలీ మూసి ఘాట్ ఎక్కితే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతుంది. బ్లాక్ హీటరు, చలి టైర్లు కూడా మన మైదానానికి అక్కరలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. అది దాటిన వారం తెల్లవారుజామున టైర్లలో గాలి మరోసారి చూసుకోండి. జనవరి చలిలో స్టిక్కరు అంకెకు నింపిన గాలి, మార్చి ఉదయాల వేడికి ఒకటి రెండు పీఎస్ఐ పెరిగి ఉంటుంది. ఎక్కువగా ఉన్నంత తీసేసి, మళ్లీ స్టిక్కరులో రాసిన అంకెకే తీసుకురండి.